వాకోల దారిలో పదకొండు రోజులు: లిమా నుంచి చులుకానాస్ దాకా

పెరూలో పాత మట్టిపాత్రను వాకో అంటారు. వాకా అంటే పవిత్ర స్థలం, పాత గుడిదిబ్బ. అందులోంచి బయటపడింది వాకో. దాన్ని దొంగచాటుగా తవ్వి అమ్ముకునేవాడు వాకేరో. గుప్తనిధుల పేరుతో పాడుబడ్డ గుళ్లను, కోట బురుజులను తవ్వే ముఠాల గురించి మన పేపర్లలో చదివినవాళ్లకు ఈ మూడో మాట విడమరచి చెప్పక్కర్లేదు.

వాకోల మీద ఇష్టంతో పెరూ వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏది చూడాలి, ఏది కొనుక్కోవచ్చు, దేని జోలికి పోకూడదు, కొన్నది పగలకుండా ఇంటికెలా తేవాలి. ఉత్తర తీరం వెంట జూన్‌లో చేసిన ప్రయాణాన్ని ఆ వరుసలోనే రాస్తున్నాను. ఖర్చులు అక్కడి సోల్‌లలోనే ఉంటాయి. మేం వెళ్లినప్పుడు ఒక సోల్ అంటే మన డబ్బులో 22 నుంచి 25 రూపాయలు.

జూన్ 6, శుక్రవారం. లిమా, ప్వెబ్లో లీబ్రే

ఏ ఊరికి వెళ్లినా ముందు లార్కో మ్యూజియం చూసి వెళ్లాలి. ఇక్కడ కన్ను కుదిరితే మిగతా దారంతా పాత్రలు వాటంతటవే అర్థమవుతాయి. 1926లో రఫాయెల్ లార్కో ఓయ్లే దీన్ని ఉత్తర తీరంలోని త్రుహియో నగరం దగ్గరి చిక్లీన్ చెరుకు ఎస్టేటులో మొదలుపెట్టాడు. తర్వాత లిమాకు తరలించారు. అందరూ బంగారం గది దగ్గర గుమిగూడతారు కానీ అసలు చూడాల్సింది గోదాము. మామూలుగా మ్యూజియంలు తాళం వేసి ఉంచే గోదామును ఇక్కడ జనానికి తెరిచిపెట్టారు. అద్దాల బీరువాల్లో నేల నుంచి పైకప్పు దాకా దాదాపు 30,000 పాత్రలు. గుడ్లగూబలన్నీ ఒకచోట, కప్పలన్నీ ఒకచోట, మొక్కజొన్నలు, బంగాళాదుంపలు, మనుషుల ముఖాలు వేర్వేరు అరల్లో. ఒకే ముఖం మీద ఒకే గాటు ఉన్న నాలుగు పాత్రలు పక్కపక్కన కనిపిస్తే, అవన్నీ ఒకే అచ్చులోంచి వచ్చాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మోచే వాళ్లు క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి 800 ప్రాంతం దాకా ఉత్తర తీరంలో ఉన్నారు. వాళ్ల పాత్రకు గుర్తు రికాబు మూతి. కూజా భుజం మీద గుర్రపు జీను రికాబులా ఒక బోలు కమాను, దాని నడినెత్తిన నిట్టనిలువుగా ఒక గొట్టం. ఈ గొట్టం ఆకారాన్ని చూసే లార్కో మోచే పాత్రలను ఐదు దశలుగా విడదీశాడు. ఇప్పటికీ పురావస్తు శాస్త్రవేత్తలు మొదట చూసేది అదే. మొదటి దశలో గొట్టం పొట్టి, అంచుకు లావుపాటి పెదవి. రెండో దశలో ఆ పెదవి సన్నబడుతుంది. మూడో దశలో గొట్టం పైకి పోయేకొద్దీ కొద్దిగా విచ్చుకుంటుంది. నాలుగో దశలో పెదవి పోయి, గొట్టం పొడుగ్గా గీత గీసినట్టు నిలబడుతుంది. ఐదో దశలో పైకి పోయేకొద్దీ సన్నబడి, కమాను కూడా ముక్కోణం వైపు వంగుతుంది. గోదాములో గంటసేపు గొట్టాలు మాత్రమే చూస్తూ నడిస్తే ఇది కంటికి పట్టేస్తుంది. బజారులో దీనంత పనికొచ్చే విద్య లేదు. నాలుగో దశ గొట్టాన్ని మొదటి దశ ఒంటికి అతికించిన నకళ్లు అక్కడ ఎన్నో.

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకు ఒక మనిషి అభిరుచి ఎంత పోగు చేయగలదో తెలుసు. లార్కోలో ఆ ఆశ్చర్యంతో పాటు ఒక వెలితి కూడా కనిపిస్తుంది. ఇక్కడి పాత్రల్లో చాలావాటికి ఏ సమాధిలో, ఎవరి పక్కన దొరికాయో చెప్పే వివరం లేదు. ముఖం ఉంది, పనితనం ఉంది, ఊరు లేదు. ఈ మాట ప్రయాణమంతా వెంటాడుతుంది.

మ్యూజియం బయట వీధిలో మధ్యాహ్నం భోజనం 18 సోల్‌లు. మాంసం తిననివాళ్లకు ఉడికించిన బంగాళాదుంపల మీద పచ్చిమిర్చి, జున్ను కలిపిన పసుప్పచ్చ గుజ్జు పోసే పాపా ఆ లా వంకాయీనా దొరుకుతుంది. వంకాయకూ దానికీ సంబంధం లేదు, వంకాయో అనే ఊరి పేరు అది.

జూన్ 7, శనివారం. మీరాఫ్లోరెస్, పెతీ త్వార్ వీధి

చేతిపనుల బజారులన్నీ ఈ వీధిలోనే. సగం దుకాణాల్లో వాకోల నకళ్లున్నాయి, 20 సోల్‌ల నుంచి మొదలు. వీటిలో రెండు జాతులు. నకలు అని చెప్పి అమ్మేవి ఒక రకం. వెనకగదిలో, పాత పేపర్లో చుట్టి, గొంతు తగ్గించి ‘అసలుది’ అంటూ చూపించేవి రెండో రకం.

రెండో రకాన్ని పొరపాటున కూడా బేరమాడకూడదు. అది దొంగ పాత్రయితే డబ్బు పోతుంది, నిజమైనదైతే నేరం అవుతుంది. పెరూలో 1929 నాటి 6634 చట్టం నుంచి పురావస్తువులు జాతి సొత్తు. ఇప్పుడు అమల్లో ఉన్న 2004 నాటి 28296 చట్టం ఆ రక్షణను ఇంకా గట్టి చేసింది. దేశం దాటిస్తూ పట్టుబడితే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా జైలు. తెలియక కొన్నానంటే వినరు. మన 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్ల విగ్రహం సంచీలో దొరికితే శంషాబాద్‌లో ఏమవుతుందో ఇక్కడా అదే.

అయినా దొంగ పాత్రను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మ్యూజియంలోని అసలు పాత్రను చూసే చూపు కూడా దాంతోనే పదునెక్కుతుంది. మోచే పాత్ర రెండు సగాల అచ్చులో తయారైంది. ఒక్కో సగంలో మెత్తని మట్టిపలకను వేలితో అదిమి, రెంటినీ కలిపి, అతుకును లోపలి నుంచి వేలితో రాసేవారు. అందుకే విరిగిన అసలు పాత్ర లోపల వేలిగీతలు నిలువునా కనిపిస్తాయి. ఈనాటి నకళ్లలో చాలావరకు పల్చటి మట్టినీళ్లను ప్లాస్టర్ అచ్చులో పోసి తీసినవి. లోపల అద్దంలా నున్నగా, గోడ మందం అంతటా ఒకేలా ఉంటుంది. పాతదనం కోసం బూటు పాలిష్, టీ డికాక్షన్, బురద పూస్తారు. తడి దూది రాస్తే రంగు దూదికి వస్తుంది. నిజంగా భూమిలో ఉన్న పాత్ర మీద సన్నటి వేళ్ల జాడలు, ఉప్పు పొక్కులు, నల్లటి మాంగనీసు చుక్కలు ఒంట్లోకి దిగి ఉంటాయి, గోటితో రావు.

ఇంకా కష్టమైనవి సగం అసలు, సగం కొత్త పాత్రలు. పాత పెంకు మీద కొత్త తల, కొత్త కమాను అతికించి పైన రంగు కప్పేస్తారు. అతినీలలోహిత దీపం కింద కొత్త జిగురు, రంగు వేరే వెలుగులో మెరుస్తాయి. మట్టి ఎప్పుడు కాలిందో చెప్పే థర్మోల్యుమినిసెన్స్ పరీక్షకు పాత్ర అడుగున చిన్న రంధ్రం తొలిచి పొడి తీస్తారు. దాన్నీ మోసం చేస్తారు: అడుగు మాత్రం అసలు పెంకుతో కట్టి, పైభాగం కొత్తది పెడతారు. ఒకేచోట తీసిన పొడిని నమ్మి పాత్రంతా పాతదనకూడదు. చెక్క బొమ్మల విషయంలో కార్బన్ పరీక్షకు ఇంకో లొసుగు ఉంది. అది చెట్టు వయసు చెబుతుంది, ఉలి దెబ్బ వయసు చెప్పదు. ఎడారిలో దొరికిన పాత దుంగ మీద నిన్న చెక్కిన బొమ్మకు కూడా వందల ఏళ్ల వయసు వస్తుంది.

జూన్ 8, ఆదివారం. మోచే పల్లె, త్రుహియో దగ్గర

త్రుహియో నుంచి చిన్న వ్యాన్లు తిరుగుతాయి, మనిషికి 2 సోల్‌లు. అద్దం మీద ‘కంపీన్యా దె మోచే’ అని రాసుందో లేదో చూసి ఎక్కాలి. ఉత్త ‘మోచే’ అని ఉన్నది మోచే పట్నానికి పోతుంది, వాకాల దగ్గరికి కాదు. అలా ఎక్కితే తిరిగి రావడానికి ఒక పూట పడుతుంది. మాకు పట్టింది కూడా.

మైదానానికి ఈ కొసన వాకా దెల్ సోల్, ఆ కొసన వాకా దె లా లూనా, నడుమ పాత పట్నం. వాకా దెల్ సోల్‌లో 13 కోట్లకు పైగా పచ్చి ఇటుకలు పట్టాయని అంచనా. స్పెయిన్ వాళ్ల కాలంలో బంగారం కోసం మోచే నదినే మళ్లించి దిబ్బను కోసేశారు. ఇప్పుడు మిగిలింది మూడో వంతు. ఇటుకల మీద వేలితో వేసిన గుర్తులు నూరు రకాలకు పైనే ఉన్నాయి: అడ్డగీత, చుక్కలు, అరచెయ్యి. ఏ ఊరి కూలీలు ఎన్ని కోశారో లెక్క కోసం కావచ్చు.

వాకా దె లా లూనాలో 1991 నుంచి సాంతియాగో ఉసేదా, రికార్దో మొరాలెస్ తవ్వకాలు నడిపించారు. ఒక గుడి పాతబడితే దాన్ని ఇటుకలతో పూడ్చి, దాని మీదే ఇంకోటి కట్టారు. అందుకే లోపలి గోడలపై ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగులు ఇంకా ఉన్నాయి. కోరలున్న దేవుడు ఆయ్ అపాయెక్ ముఖం వరస వరసలుగా చూస్తూ ఉంటుంది. ఇక్కడి ఒక ముంగిట 1995లో బలి ఇచ్చిన 70 మందికి పైగా మనుషుల అస్థికలు బయటపడ్డాయి. వాటితో పాటు మెడకు తాడున్న బందీల పచ్చిమట్టి బొమ్మలు పగలగొట్టి పడేసి ఉన్నాయి. కూజాల మీద గీసిన బందీల ఊరేగింపును అంతదాకా కథ అనుకున్నవాళ్లున్నారు. ఇక్కడ నేల ఆ బొమ్మకు సాక్ష్యం చెప్పింది. ఎవరో ముందే వచ్చి మట్టిబొమ్మలను ఏరుకుపోయి ఉంటే ఆ సాక్ష్యం ఉండేది కాదు.

గుట్ట కింద వరసగా నకళ్లు చేసేవాళ్ల బల్లలు. పలకరింపు ‘మాయెస్త్రో’ అని ఉండాలి, అంటే గురువుగారు. ముందు ‘బ్వేనోస్ దీయాస్’ చెప్పకుండా ధర అడిగితే జవాబు పొడిగా వస్తుంది. అరచేతిలో పట్టేది 25 సోల్‌లు. పూతమట్టి, నునుపు, సన్నగీతల బొమ్మ అన్నీ చేత్తో చేసిన కూజా 150 నుంచి 300. కొనేముందు మనం వేసవిలో కుండను కొట్టి చూసినట్టే వేలి కణుపుతో కొట్టి చూడాలి. కంగుమంటే బాగా కాలింది. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉంది, చాలావరకు కమాను మొదట్లో. అక్కడ మట్టి కాస్త ఆరాక అతికిస్తారు కాబట్టి, ఒంటికీ కమానుకూ తడి సమానంగా లేకపోతే ఆరేటప్పుడే వెంట్రుకలాంటి పగులు వస్తుంది. పూతమట్టి దాన్ని కప్పేస్తుంది, చప్పుడు కప్పలేదు.

ఆదివారం పల్లె హోటళ్లలో సోపా తెయోలోగా వండుతారు. రొట్టెను కోడి రసంలో నానబెట్టి, పాలు, జున్ను కలిపిన చిక్కటి పులుసు. 30 సోల్‌ల గిన్నె ఇద్దరికి సరిపోయింది.

జూన్ 9, సోమవారం. త్రుహియో

సోమవారం త్రుహియోలో షంబర్ తినే రోజు. గోధుమలు, రెండు మూడు రకాల గింజలు, పందిమాంసం కలిపి ఉడికించి, పుదీనా వేసి, వేయించిన మొక్కజొన్నతో ఇస్తారు. 14 సోల్‌లు. పన్నెండు దాటితే మంచి చోట్ల అయిపోతుంది.

చెక్కడం పని గురించి ఈ తీరంలో తెలుసుకోవాలంటే సొరబుర్రల దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడికి ఉత్తరాన వాకా ప్రియేతా దిబ్బలో 1946లో జూనియస్ బర్డ్ చెక్కిన చిన్న సొరబుర్రలను తవ్వితీశాడు. నాలుగు వేల ఏళ్లు దాటినవి. ఈ తీరానికి కుండ ఇంకా రాని కాలంలో బుర్రే గిన్నె, దాని మీదే ముఖాలు. ఈనాటి చెక్కుడు బుర్రలు ఎక్కువగా కొండల్లోని వంకాయో ప్రాంతం నుంచి వస్తాయి. సన్నటి ఉక్కు మొనతో గీసి, గీతల్లో బూడిద నూనెతో కలిపి నింపుతారు, లేదా నిప్పుకొరివితో తోలును కాల్చి గోధుమ, నలుపు ఛాయలు తెస్తారు. కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తి పట్టి సూదిబెజ్జాలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే లోపల పురుగు ఉండొచ్చు, పొడి రాలుతుంది. గింజలు గలగలమంటుంటే కడుపు శుభ్రం చేయలేదని అర్థం. ఎండు మొక్క సరుకు కాబట్టి ఇంటికి తెచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడిగితే చూపించాలి. తెరిచి శుభ్రం చేసిన బుర్రే తీసుకోవడం మేలు.

జూన్ 10, మంగళవారం. చాన్ చాన్, వాంచాకో

చిమూ రాజుల మట్టి పట్నం చాన్ చాన్. ప్రహరీ గోడల మీద చేపలు, పక్షులు, వల కళ్లు. చిమూ కుండలు నల్లనివి. మట్టి వేరే కాదు, ఎర్ర కుండ చేసే మట్టే. కాల్చే చివర్లో గాలి దూరే దారులన్నీ మూసేసి పచ్చి కట్టె పొగ పెడితే, మట్టిలోని ఇనుము గాలి అందక నలుపు బూడిద రంగుకు మారుతుంది, మసి కూడా ఒంట్లోకి దిగుతుంది. ముందే రాయితో మెరుగు పెట్టి ఉంటే అది వెండిలా మెరుస్తుంది. కమానూ గొట్టమూ కలిసే చోట చిన్న కోతి కూర్చుని ఉంటే చిమూ చెయ్యి అని దాదాపు ఖాయం.

2018లో ఇక్కడి ఉట్జ్ ఆన్ ప్రాకారంలో దారి గోడ గూళ్లలో 19 చెక్క విగ్రహాలు బయటపడ్డాయి. ఒక్కోటి సుమారు 70 సెంటీమీటర్లు, ముఖానికి మట్టి ముసుగు. ఎవరి చేతా కదలకుండా తమ గూళ్లలోనే ఉండటంతో, అవి దారికి కాపలా అన్న సంగతి తెలిసింది. అవే ఒక వేలంశాలలో విడివిడిగా కనిపించి ఉంటే ‘ముసుగు వేసుకున్న మనిషి, చెక్క’ అనేంతవరకే రాసేవారు.

సాయంత్రం వాంచాకో తీరాన జమ్ము పడవలు ఆరబెట్టి ఉన్నాయి. ఈ పడవలే మోచే కూజాల మీదా ఉన్నాయి. చేపల సెవీచే, అంటే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేపముక్కలు, 35 సోల్‌లు. స్థానికులు దాన్ని మధ్యాహ్నమే తింటారు, చీకటి పడ్డాక అడిగితే పొద్దుటి చేప.

జూన్ 11, బుధవారం. లాంబాయెకే

1987 ఫిబ్రవరిలో సిపాన్ ఊరి దగ్గర వాకా రహాదాను వాకేరోలు తవ్వి ఒక సమాధిని దోచారు. పంపకాల్లో గొడవ వచ్చి పోలీసులకు తెలిసింది. పురావస్తు శాస్త్రవేత్త వాల్తెర్ ఆల్వా కాపలా పెట్టించి, దోపిడీదార్ల గుంత పక్కనే తవ్వకం మొదలుపెట్టాడు. ముందు ఒక నైవేద్యాల గది దొరికింది: 1,137 మట్టిపాత్రలు. ఆ తర్వాత సిపాన్ ప్రభువు అని పిలిచే మోచే పాలకుడి సమాధి.

ఎర్రటి పిరమిడ్ ఆకారంలో 2002లో తెరిచిన రాచ సమాధుల మ్యూజియంలో పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ చూడాలి. తవ్వినవాళ్లు దిగిన వరస అదే. నైవేద్యపు పాత్రల్లో చాలావరకు అచ్చులో తీసిన మామూలు సరుకు, మెరుగు కూడా సరిగ్గా పెట్టనివి. వేలంలో ఒక్కోదానికి పెద్ద ధర పలకదు. వెయ్యి కలిసి తాము పెట్టిన చోటే ఉన్నప్పుడు మాత్రం ఎవరు సైనికుడు, ఎవరు బందీ, ఎవరి చుట్టూ ఎవరున్నారు అన్నది చదవడానికి వీలైంది. కూజాల మీద సన్నగీతలతో గీసిన ఒక దృశ్యంలో కిరణాలు చిమ్మే పూజారి రక్తపాత్ర అందుకుంటాడు. అతని శిరోభూషణం, చెవికమ్మలు, నడుముకు వెనక వేలాడే రేకు అన్నీ ఈ సమాధిలో ఒక మనిషి ఒంటి మీద దొరికాయి. దోచుకున్న పక్క సమాధి సరుకులోని అలాంటి బంగారు రేకు 1997లో ఫిలడెల్ఫియాలో 16 లక్షల డాలర్ల బేరంలో పట్టుబడి, మరుసటి ఏడాది పెరూకు తిరిగొచ్చింది. రేకు వచ్చింది. అది ఎవరి నడుమున ఉండేదో తిరిగి రాలేదు.

ఈ తీరంలో ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో కుటుంబాలతో పోయి వాకాలు తవ్వడం పాత అలవాటు. టీ ఆకారపు పొడుగాటి ఇనుప చువ్వను నేలలోకి గుచ్చి, మెత్తగా దిగితే సమాధి అని పట్టేస్తారు. దారి పక్క దిబ్బలు మశూచి మచ్చల్లా గుంతలు పడి ఉండటానికి కారణం అదే. ప్రతి గుంత చుట్టూ కొనేవాళ్లకు నచ్చక పగలగొట్టి పారేసిన పెంకులు. వాటిలో ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, పెంకు కూడా చట్టం కిందికే వస్తుంది.

లాంబాయెకేలో కింగ్‌కాంగ్ అనే మిఠాయి ఉంది. బిస్కెట్టు పొరల మధ్య పాలకోవా లాంటి గుజ్జు. పెద్ద అట్టపెట్టె 25 సోల్‌లు.

జూన్ 12, గురువారం. కటకావోస్, సింబిలా

కటకావోస్‌లో ఇంటి ముందు కర్రకు తెల్లజెండా కడితే లోపల చిచా దొరుకుతుందని. మొలకెత్తిన మొక్కజొన్నతో పులియబెట్టిన ఈ కల్లును సొరబుర్ర చిప్పలో పోసి ఇస్తారు. ఒకే చిప్ప చేతులు మారుతుంది. తాగి, అడుగున మిగిలింది నేల మీద పోసి పక్కవాళ్లకు ఇవ్వాలి. తోడుగా పచ్చి అరటికాయ దంచి ఎండుమాంసంతో వేయించిన సెకో దె చావేలో, 22 సోల్‌లు.

ఆ చిచా పులియబెట్టే పెద్ద బానలు పక్కనున్న సింబిలాలో చేస్తారు. స్పెయిన్ వాళ్లు రాకముందు దక్షిణ అమెరికాలో కుమ్మరి సారె లేదు. సింబిలాలో ఇప్పటికీ బానను సారె లేకుండానే చేస్తారు. మట్టిముద్దలో పిడికిలితో గుంట చేసి, లోపల ఎడమచేత్తో నున్నటి రాయి అడ్డం పెట్టి, బయట కుడిచేత్తో చెక్కతో కొడతారు. సారె తిరగదు కాబట్టి మనిషే బాన చుట్టూ తిరుగుతాడు. మన కుమ్మరులు సారె మీంచి దింపిన కుండ అడుగును కొట్టి మూసేది కూడా ఇలాగే, చెక్కా రాయితో. అడుగు కట్టి కాస్త ఆరనిచ్చి, పై వరస పెంచుతారు. తొందరపడితే కింది గోడ పైబరువుకు కుంగుతుంది. ఎక్కువ ఆరితే కొత్త మట్టి పాతదాన్ని పట్టుకోదు, కాలేటప్పుడు ఆ వరస దగ్గరే ఉంగరంలా ఊడుతుంది.

జూన్ 13, 14. చులుకానాస్, లా ఎన్‌కాంతాదా

1929లో పురావస్తువులను జాతి సొత్తు చేసిన చట్టం వచ్చిన తేదీ కూడా జూన్ 13. ఆ రోజు చులుకానాస్‌లో ఉండటం మంచి పొందిక. పక్కనున్న, వికూస్ అనే పాతకాలపు జనం సమాధులను 1960లలో వాకేరోలు గుల్ల చేశారు. వేల పాత్రలు ఊరు దాటిపోయాయి. చేతులు మారుతున్న ఆ కుండలను చూసే, 1970లలో ఇక్కడి కుర్రాళ్లు వాటి నలుపు తెలుపుల మర్మం వెతకడం మొదలుపెట్టారు. సోసా సోదరులు, మాక్స్ ఇంగా ఆ తరం వాళ్లు. అమెరికా నుంచి వచ్చిన సన్యాసిని గ్లోరియా జాయిస్ వాళ్లకు తోడు నిలిచింది. 2006లో చులుకానాస్ కుండకు ప్రాంతపు గుర్తింపు దక్కింది, మన కొండపల్లి బొమ్మకు ఉన్నట్టే.

చులుకానాస్ నుంచి లా ఎన్‌కాంతాదాకు మోటారు రిక్షా 6 సోల్‌లు. ‘లా ఎన్‌కాంతాదా’ అని చెబితే సరిపోదు, ‘తాయేర్’, అంటే పనిశాల అని చెప్పాలి. లేకపోతే ఊరి మొదట్లో దుకాణం దగ్గర దింపేస్తారు. పనిశాలలన్నీ ఇళ్ల పెరళ్లలోనే. గేటు దగ్గర నిలబడి పిలవాలి. ఆరబెట్టిన పచ్చికుండను ముట్టుకోవడం ఇక్కడ పెద్ద తప్పు, వేలిముద్ర మెరుగులో ఉండిపోతుంది.

పని వరస ఇది. బంకమట్టిలో జల్లించిన సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. చెక్కా రాయితో కుండ కొడతారు. తోలులా ఆరాక పూతమట్టి రాసి, నదిలో దొరికే గులకరాయితో రుద్ది మెరుగు తెస్తారు. అప్పుడే సరైన అదును. మరీ తడిగా ఉంటే రాయికి మట్టి అంటుకుంటుంది, మరీ ఆరితే గీతలు పడతాయి. తర్వాత అల్గరోబో కట్టెతో మొదటి కాల్పు. కుండలో చెమ్మ మిగిలి ఉంటే ఆవిరి పొంగి ఇక్కడే పేలుతుంది, పక్క కుండలనూ తీసుకుపోతుంది.

ఆపైన అసలు సంగతి. తెల్లగా ఉండాల్సిన చోటల్లా పల్చటి బురదతో బొమ్మ గీసి ఆరబెడతారు. కుండలను బట్టీలో పెట్టి మామిడాకులు వేసి, అన్ని కంతలూ మూసి పొగ పెడతారు. బురద లేని చోట పొగ ఒంట్లోకి దిగి నల్లబడుతుంది. చల్లారాక బురద కడిగితే కింద అసలు రంగు మచ్చ లేకుండా బయటపడుతుంది. బూడిద ఛాయ కావాలంటే ఒకసారి పొగపెట్టి, ఇంకొన్ని చోట్ల బురద కప్పి మళ్లీ పొగపెడతారు. బట్టీకి సన్నటి పగులున్నా లోపలికి పోయిన గాలి మసిని కాల్చేస్తుంది. నల్లగా ఉండాల్సిన చోట గోధుమరంగు తేలుతుంది, ఆ కుండను మళ్లీ మొదటి నుంచి పొగపెట్టాల్సిందే. మామిడాకే ఎందుకంటే, ఊరి చుట్టూ తోటలు అవే, ఆ ఆకు నూనెపొగ చిక్కగా ఉంటుంది. ఇంటి గుమ్మానికి కట్టుకునే ఆకు ఇక్కడ కుండకు రంగు వేస్తుంటే చూడటం తెలుగువాళ్లకు దక్కే ప్రత్యేకమైన సంతోషం.

బజారులో నల్లరంగు పూసిన నకళ్లు ఉంటాయి. తేడా అంచు దగ్గర తెలుస్తుంది. పొగ అంచు కొద్దిగా మసకగా మట్టిలోకి కలిసిపోతుంది. రంగు పైన అట్టలా నిలుస్తుంది, గోటికి మెట్టు తగులుతుంది. చిన్న కుండ 20 సోల్‌లు, మోకాలెత్తు కుండ 200 పైన. ‘కువాంతో ఎస్ లో మేనోస్’, ఆఖరి ధరెంత అని ఒక్కసారి అడగొచ్చు. పదో వంతు తగ్గిస్తారు. అంతకుమించి లాగడం మర్యాద కాదు, మూడు వారాల పని అది.

ఈల వేసే జంట కూజా ఒకటి తప్పక చూడాలి. వికూస్, చిమూ వాళ్లు చేసినదాని వారసత్వం. రెండు కడుపులను కింద ఒక గొట్టం కలుపుతుంది. తెరిచిన మూతిలోంచి సగందాకా నీళ్లు పోసి వంచితే, నీళ్లు మూసిన కడుపులోకి పోయి అక్కడి గాలిని పక్షి తలలో దాగిన ఈలలోంచి తోస్తాయి. కొనేముందు నీళ్లు పోసి పలికించి చూపమనాలి. ఈల రంధ్రం ఒక్క బియ్యపుగింజ మందం అటూఇటూ అయినా ఉత్త గాలే వస్తుంది.

జూన్ 16, సోమవారం. లిమా, సాన్ బోర్హా

నకళ్లు, కొత్త కుండలు బయటికి తేవడానికి, ఇవి జాతి సొత్తు కావని సాంస్కృతిక శాఖ ఇచ్చే పత్రం ఉంటుంది. సాన్ బోర్హాలోని కార్యాలయానికి వస్తువు, దాని రంగు ఫోటోలు, దరఖాస్తు పట్టుకెళ్లాలి. ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకూడదు. విమానాశ్రయంలోనూ ఆ శాఖ వాళ్ల గది ఉంది, అనుమానం వస్తే పెట్టె విప్పిస్తారు. అందుకే మూడు జాగ్రత్తలు. దుకాణం బిల్లు, కుండ పక్కనే. కుమ్మరి సంతకం అడుగున కాల్చకముందే గీసి ఉండాలి. పచ్చిమట్టిలో గీసిన గీతకు అంచులు ఉబ్బుతాయి, కాల్చాక గీస్తే పెచ్చులూడుతుంది, అధికారులకు ఆ తేడా తెలుసు. కుండలున్న పెట్టె సామాను పైభాగంలో ఉండాలి.

సర్దేటప్పుడు కుండను కమాను పట్టుకుని ఎత్తకూడదు, ఎప్పుడూ రెండు చేతులతో ఒంటిని పట్టాలి. కమాను మధ్య ఖాళీని ముందు మెత్తటి కాగితంతో నింపి, ఆ తర్వాతే మొత్తం చుట్టాలి. లేకపోతే చుట్టిన బిగువే కమానును విరుస్తుంది. అట్టపెట్టెలో పెట్టి, దాన్ని ఇంకో పెట్టెలో చుట్టూ నాలుగు వేళ్ల ఎడంతో కూర్చాలి. ఈల కూజాను ముందు రెండు రోజులు బోర్లించి ఆరబెట్టాలి, లోపల తడి ఉంటే ప్రయాణంలోనే బూజు పడుతుంది.

ఇంటికి చేరాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పీచు పెట్టి తోమితే మైనం, మెరుగు పోతాయి. తాగునీటికి, వంటకు వాడకూడదు. కుండ కడుపులో ఒక కాగితం మడిచి పెట్టాలి. మా కుండలో ఉన్న కాగితం మీద ఇలా ఉంది: లా ఎన్‌కాంతాదా, చులుకానాస్, పియురా. జూన్ 14. చెక్కా రాయితో కొట్టినది. రెండు పొగలు, మామిడాకు. చేసినవాళ్ల పేరు అడుగున.